ఒకటి, రెండు, నాలుగు

సౌండ్ ఇంజనీర్ తలుపు తీశాడు, ఎందుకంటే బయటి నుంచి అతని తల్లి పిలిచింది.

అతని తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది.

మధ్యాహ్నం రెండున్నర. టైలరింగ్ షాపు మీద మూడో అంతస్తులో ఉన్న ఆ గది గూఢచారి ఇలాఖా వాళ్ళ సేఫ్ హౌస్. కోడ్ వర్డ్ వినపడకుండా తలుపు తియ్యకూడదని అతనికి నాలుగుసార్లు చెప్పి మరీ లోపల కూర్చోబెట్టారు. అతనూ బుద్ధిమంతుడే, నాలుగు రోజులు గడియ మీద చెయ్యి వెయ్యలేదు. ఐదోనాడు కోడ్ వర్డ్ వినిపించింది. దాన్ని పలికింది తల్లి గొంతు. కోడ్ విని బుర్ర ఒప్పుకుంది, గొంతు విని మనసు ఒప్పుకుంది. బయట ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ చేతిలో అగ్గిపెట్టంత స్పీకరు. కింద కుట్టుమిషన్ల చప్పుడులో పిస్తోలు చప్పుడు ఎవరి చెవినా పడలేదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, లిఫ్ట్ రిపేర్ల కంపెనీ అని బోర్డున్న ఒక భవనం సెల్లార్‌లో, ఇలాఖా పెద్దాయన ఆ సేఫ్ హౌస్ గోడలోని రికార్డరు తీయించి వినిపించాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఒక్కతే మనిషి.

"నాన్నా, నేనేరా. వాన వెలిసింది. తలుపు తియ్యి."

ఏడు సెకన్లు. తర్వాత గడియ చప్పుడు.

ఆ కుర్చీలోని మనిషిని ఇలాఖాలో అందరూ దూది అంటారు. నడిస్తే చప్పుడు కాదు కనక ఆ పేరు. వయసు ఇరవై ఎనిమిది. చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక విదేశీ ఆఫీసులో గచ్చు తుడుస్తూ, చెత్తబుట్టలో చించి పారేసిన కాగితాలు అతికించి చదివి, పట్టుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆనాటి నుంచీ ఆమె వేషం ఒక్కటే: బకెట్టు, తుడుపుకర్ర, నీలం కోటు. గచ్చు తుడిచేవాళ్ళ ముఖం ఎవరూ చూడరు. విగ్గుల కన్నా, పెట్టుడు మీసాల కన్నా గట్టి మారువేషం అది.

"వాన వెలిసింది" అన్న మాట విన్నప్పుడు దూది తల దించుకుంది. తేలు కుట్టిన దొంగలా గమ్మున కూర్చుంది.

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కంత్రీ పని అంతా ఒక బొమ్మది. పేరు జోలచిలక. ఆకుపచ్చ రంగు, పిడికిలంత, కళ్ళల్లో కెమెరాలు. తల్లి నలభై నిమిషాలు దాని ముందు ఏదో ఒకటి చదివితే చాలు, ఇక అది తల్లి గొంతుతో పిల్లతో మాట్లాడుతుంది, కథలు చెబుతుంది, జోకొడుతుంది. ఇంట్లో తల్లి అన్న ప్రతి మాటా విని గుర్తు పెట్టుకుంటుంది. ఈ కాలంలో ఎవరింట్లో మాత్రం పగలు మనుషులుంటున్నారు? తల్లీ తండ్రీ పనికి పోతారు, చిలక ఉంటుంది. ఎనిమిది నెలల్లో మూడు లక్షల ఇళ్ళల్లో చేరిపోయింది. దాన్ని తయారుచేసేది విదేశీ ముఠా అని, కంపెనీ పేరు ఒక తొడుగు మాత్రమేనని ఆ కంపెనీలోనే పనిచేసిన సౌండ్ ఇంజనీరే కనిపెట్టి చెప్పాడు.

పెద్దాయన గోడ మీద గడియారం చూపించాడు. ఇవాళ పదకొండింటికి మూడు లక్షల చిలకలూ ఒక్కసారే నోరు విప్పుతాయి. ఎవరి తల్లి గొంతుతో వాళ్ళని పిలుస్తాయి, తలుపు తీసుకుని వీధిలోకి రమ్మంటాయి. అందులో నలభై ఇళ్ళ ముందు వ్యాన్లు ఉంటాయి. ఆ నలభైమంది పిల్లల తల్లిదండ్రులు కరెంటు, నీళ్ళు, రైళ్ళు నడిపించే ఇంజనీర్లు. పిల్ల వాళ్ళ చేతిలో ఉంటే ఆ ఇంజనీరు వాళ్ళు చెప్పిన మీటే నొక్కుతాడు. మిగతా లక్షల పిల్లలు రోడ్ల మీద ఏడుస్తూ తిరుగుతుంటే, పోయిన నలభైమంది ఎవరో తేలడానికే రెండు రోజులు పడుతుంది.

టీవీలో చెప్పేస్తే సరిపోదా అని దూది అడిగింది. ముందే తెలిస్తే ముందే మోగిస్తారన్నాడు పెద్దాయన. ఆజ్ఞ తెల్లవారుజామునే చిలకల్లోకి చేరిపోయింది, సర్వర్ తగలబెట్టినా లాభం లేదు, పదకొండింటికి వాటంతటవే మొదలెడతాయి. దాన్ని ఆపే మాట ఒకటుంది. అది కంపెనీ భవనం పన్నెండో అంతస్తులో నెమలి అనే ఆవిడకి తెలుసు. నెమలి ఒకప్పుడు పేరున్న డబ్బింగ్ ఆర్టిస్టు. చిలకల గొంతులన్నీ ఆమె గొంతు పునాది మీద కట్టినవే.

"మన మనిషేనా సార్?"

"వారంలో మూడు రోజులు మనది. ఇవాళ ఏ రోజో నువ్వే కనుక్కోవాలి."

తర్వాత ఒక చీటీ ముందుకు తోశాడు. సౌండ్ ఇంజనీర్ చివరి రిపోర్టు, పెన్సిల్ రాత: బల్ల కింద ఎర్ర మీట. దిద్దుబాటు ఆపితే చిలక అమ్మవుతుంది. ఈ ముక్క ఇలాఖాలో ఎవరికీ అర్థం కాలేదు.

దూది లేవబోతుంటే పెద్దాయన అన్నాడు. "ఆ కోడ్ తెలిసినవాళ్ళం పదకొండుమందిమి. ఈ పనయ్యాక అందర్నీ ఒక్కొక్కరినీ కూర్చోబెడతాను. ఎవరి నోటి నుంచి జారిందో చనిపోయిన ఆ పిల్లాడి భార్యకి చెప్పాలి కదా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దూది చెయ్యి తనకి తెలియకుండానే కోటు జేబు మీదికి పోయింది. జేబులో ఇలాఖా చేతిపుస్తకం ఉంది. అప్పుడే చెప్పెయ్యాలి. నోరు తెరిచింది కూడా. చెబితే ఈ కుర్చీలోంచే లేపి గదిలో పెట్టి తాళం వేస్తారు, పదకొండింటికి వెళ్ళేవాళ్ళుండరు. ఇది నిజమే. ఇది సాకు కూడా. రెండూ ఒకటే మాటగా నోట్లో ఉండిపోయాయి.

ఎనిమిది నెలల క్రితం సంగతి. దూదికి నాలుగేళ్ళ కూతురు. అందరూ బుజ్జి అంటారు. భర్త సరుకు ఓడల మీద పనికి పోతే ఆరేసి నెలలు రాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, చెవి సగమే వినపడుతుంది. దూది ఏ రోజు ఏ వేళకి ఇంటికొస్తుందో దూదికే తెలీదు. వచ్చినా నిలబడి నిద్రపోయే స్థితిలో వచ్చేది. పిల్ల కథ చెప్పమంటే కసిరేది. కసిరాక స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చేది. అప్పుడు చూసింది ఆ ప్రకటన: మీ గొంతే. అలసట లేకుండా, కోపం లేకుండా, తప్పుల్లేకుండా.

వినే పరికరం ఏదీ ఏజెంటు ఇంట్లో ఉండకూడదని చేతిపుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అయినా కొంది. అత్తగారితో రేడియో అని అబద్ధం చెప్పింది. నలభై నిమిషాలు ఏదన్నా చదవమని డబ్బా మీద రాశారు. ఇంట్లో కథల పుస్తకం లేదు. దూదికి తడబడకుండా చదవడం వచ్చిన పుస్తకం ఒక్కటే, జేబులోది. పది పేజీలు కంఠతా వచ్చు కూడా. చిలకని మంచం మీద పెట్టుకుని, పిల్లని పక్కలో వేసుకుని, కళ్ళు మూతలు పడుతుంటే చదివేసింది. మూడో అధ్యాయం, తలుపులు తెరిచే నిబంధనలు. సేఫ్ హౌస్ దగ్గర పలకవలసిన మాట. బొమ్మే కదా అనుకుంది.

చిలక వచ్చిన నెలకి బుజ్జి, పడుకోబెట్టడానికి వెళ్ళిన తల్లిని చేత్తో నెట్టి, నువ్వొద్దు, చిలకమ్మ చెబుతుంది అంది. దూదికి ముల్లు దిగినట్టయింది. ఆ వెంటనే హాయిగా కూడా అనిపించింది, ఎందుకంటే ఆ గంట తను నిద్రపోవచ్చు. ఆ హాయికి ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

సెల్లార్ మెట్లెక్కుతూ ఇంటికి ఫోన్ చేసింది. ఆ ఆకుపచ్చ రేడియో ఉంది కదా అత్తయ్యా, దాన్ని బట్టల పెట్టెలో వేసి తాళం పెట్టండి, వీధి తలుపు గడియ తియ్యకండి అని రెండుసార్లు అరిచి చెప్పింది. దాన్ని దాస్తే నీ కూతురు ఇల్లు పీకి పందిరేస్తుంది, అయినా సరేలే అంది ముసలావిడ.

రేడియో బాబాయ్ గేటు దగ్గర సామాను అందించాడు. ఇలాఖాకి పరికరాలు చేసిపెట్టేది ఆయనే. ఏ తాళాన్నయినా తెరిచే సబ్బుబిళ్ళంత పెట్టె, చెవికి దుద్దులా కనిపించే రిసీవరు. బకెట్టులో ఏముందని దూది అడిగితే సబ్బునీళ్ళన్నాడు. ఊరికే సబ్బునీళ్ళా అంటే, గచ్చు తుడిచేదానికి ఇంకేం కావాలమ్మా అన్నాడు.

పదీ ఇరవైకి దూది పన్నెండో అంతస్తులో ఉంది. కంపెనీ గార్డు ఆమె ముఖం చూడలేదు, బకెట్టు చూశాడు. కారిడారు పొడుగునా గాజు గదులు, అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రకారు. చివర్న నల్ల తలుపు. సబ్బుబిళ్ళ తగిలించగానే పచ్చలైటు వెలిగింది.

లోపల గోడంతా స్క్రీన్లు. ఒక్కో స్క్రీన్లో ముప్ఫై నలభై ఇళ్ళు, చిలక కళ్ళకి కనిపించినట్టు. ఊయల కడ్డీలు, పప్పుమరక పడ్డ గౌన్లు, మూసిన తలుపులు, టీవీ ముందు నోరు తెరిచి కూర్చున్న పిల్లలు. బల్ల దగ్గర నీలిరంగు సిల్కు దుస్తుల్లో, ఎత్తు మడమల చెప్పుల్లో, కాలు మీద కాలేసుకుని ఒకావిడ గోళ్ళకి రంగు వేసుకుంటోంది. ఆమె తల తిప్పితే గదిలో అత్తరు కదిలింది.

దూది తుడుపుకర్ర ముంచి గచ్చు తుడవడం మొదలుపెట్టి, కోడ్ వర్డ్ చెప్పింది. వాన వెలిసింది.

"గొడుగు ముడిచేశాను," అంది నెమలి. జవాబు సరైనదే. గొంతు తేనెలా ఉంది. "నిన్ను చూడ్డం ఇదే మొదలు చెల్లీ. వినడం మాత్రం కాదు. నలభై నిమిషాలు విన్నాను. మూడో అధ్యాయం దగ్గర నీకు ఆవులింత వచ్చింది. దాన్ని నేనే తుడిచేశాను."

ఆమె ఒళ్ళో గోళ్ళరంగు సీసా పక్కన చిన్న పిస్తోలు ఉంది. ఇవాళ నెమలి ఇలాఖాది కాదు.

దూది తుడవడం ఆపలేదు. గచ్చు తుడిచే మనిషి తుడుస్తూనే ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బకెట్టు వంచి సబ్బునీళ్ళు ఇంకాస్త ఒంపింది. నెమలి తీరిగ్గా మాట్లాడింది. ఇంజనీర్ తల్లి గొంతు అతని పెళ్ళి వీడియోలో దొరికిందట. కోడ్ మాత్రం దూది ఇచ్చిందట. అది లేకపోతే ఆ కుర్రాడు ఏ గొంతుకీ తలుపు తీసేవాడు కాదట. ఈ సంగతి పెద్దాయనకి ఇంకా తెలియదు కదా అని నవ్వింది. గోడ మూల గడియారం పదీ నలభై రెండు.

"ఒక మాట ఇస్తాను," అంది. "నీ ఇంటి చిలకని నోరు మూయిస్తా. నీ పిల్ల ఇంట్లోనే ఉంటుంది. నువ్వు చదివింది ఏమిటో ఎవరికీ తెలీదు. నువ్వు చెయ్యాల్సింది గచ్చు తుడుచుకుని వెళ్ళిపోవడమే."

"మిగతా పిల్లలు?"

"ఇవాళ కాకపోతే రేపు. ఇంకో పదేళ్ళకి అమ్మలు కనడానికే చెల్లీ. పెంచడానికి మేముంటాం. అలసిపోని అమ్మకి అలవాటుపడ్డ పిల్ల అలసిపోయే అమ్మ దగ్గరికి ఎందుకొస్తుంది? నీ పిల్ల వస్తోందా?"

దూది తుడుపుకర్ర మళ్ళీ బకెట్టులో ముంచింది. ఒప్పుకుంటే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచించానన్న సంగతి తర్వాత చాలా రోజులు ఆమెని పట్టి పీడించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

నెమలి నిట్టూర్చి, సరే, నీ గుమ్మంలో మా మనిషున్నాడు, నీ చిలకని ముందే మోగిస్తాను, చూడు మరి అంటూ ఒక మీట నొక్కింది. పెద్ద స్క్రీన్ మీదికి దూది ఇల్లు వచ్చింది.

చిలక బట్టల పెట్టెలో లేదు. పిల్ల ఏడుపు భరించలేక అత్తగారు తీసి ఇచ్చేసినట్టుంది. బుజ్జి దాన్ని గుండెకి హత్తుకుని ఉంది కాబట్టి స్క్రీన్లో బుజ్జి కనపడదు, బుజ్జి చూసేదే కనపడుతుంది. పైన వాళ్ళ వాటా, కిందికి పన్నెండు మెట్లు, అడుగున వీధి తలుపు, దాని గడియ పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో. తలుపు కింది సందులోంచి రెండు బూట్ల నీడ లోపలికి పడుతోంది. వంటింట్లో అత్తగారి దగ్గు వినిపిస్తోంది.

చిలక దూది గొంతుతో మాట్లాడింది. దూది గొంతే, కానీ బాగా నిద్రపోయి లేచిన గొంతు. "బుజ్జీ, అమ్మ కింద ఉంది బంగారం. వచ్చి గడియ తీస్తావా? మెల్లగా దిగు. మనం రోజూ లెక్కపెడతాం కదా. ఒకటి..."

స్క్రీన్ ఒక మెట్టు దిగింది.

"రెండు..."

ఇంకో మెట్టు దిగింది. దూది తుడుపుకర్రని రెండు చేతులతో పట్టుకుంది.

"మూడు."

స్క్రీన్ కదల్లేదు. చిలక ఓపిగ్గా మళ్ళీ మూడు అంది.

"మూడు లేదు," అంది బుజ్జి.

ఆ ఇంట్లో మూడో మెట్టు విరిగి ఏడాదయింది. బాగుచేయించడానికి దూదికి తీరిక దొరకలేదు. పిల్లని దింపే ప్రతిసారీ ఒకటి, రెండు, నాలుగు అని లెక్కపెట్టి, నాలుగు దగ్గర ఎత్తి దాటించేది. పిల్లకి లెక్కలు తప్పు నేర్పుతున్నావే అని అత్తగారు సాధించేది. చిలక ఆ లెక్క ఎనిమిది నెలలుగా వింది. వినీ, తల్లి చేసిన తప్పు కదా అని శ్రద్ధగా దిద్దేసింది.

"మూడు ఉంది బంగారం. రెండు తర్వాత మూడు."

"మా అమ్మకి మూడు లేదు. నువ్వు అమ్మవి కాదు."

ఆ తర్వాత స్క్రీన్లో ఇంటికప్పు, మెట్లు, గోడ, మెట్లు గిరగిరా తిరిగాయి. పిల్ల చిలకని మెట్ల మీది నుంచి విసిరేసింది. వీధి తలుపుకి కొట్టుకుని స్క్రీన్ నల్లబడింది. చివరగా వినిపించింది అత్తగారి గొంతు, ఎవడ్రా అక్కడ తలుపు దగ్గర, ఉండు, ఈ కర్రతో నీ కాళ్ళు విరక్కొడతా అని.

నెమలి ఆ మీటని మళ్ళీ మళ్ళీ నొక్కింది, స్క్రీన్ వెలగలేదు. దూదికి మాత్రం చీటీలోని పెన్సిల్ రాత అక్షరం అక్షరం అర్థమైంది. దిద్దుబాటు ఆపితే చిలక అమ్మవుతుంది. ఆ కుర్రాడు దారి రాసిచ్చి పోయాడు. చదవడం వచ్చినవాళ్ళెవరికీ తెలియలేదు.

పదీ యాభై ఎనిమిది. దూది బల్ల వైపు నడిచింది. నెమలి పిస్తోలు ఎత్తి, కుర్చీలోంచి లేచి, ఒక్క అడుగు వేసింది. అరగంట నుంచి దూది ఆ కుర్చీ చుట్టూనే తుడుస్తోంది. పాలరాతి మీద బకెట్టెడు సబ్బునీళ్ళు, వాటి మీద మూడంగుళాల మడమ. నెమలి వెల్లకిలా పడింది, గుండు సీలింగులోకి పోయింది, పిస్తోలు జారి గోడ దాకా వెళ్ళింది. దూది చెప్పుల్లేని కాళ్ళు జారలేదు. తొమ్మిదేళ్ళుగా అవి తడిగచ్చు మీదే నడుస్తున్నాయి.

బల్ల కింద చెయ్యి పెట్టింది. ఎర్ర మీట తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. కదల్లేదు. నెమలి చెయ్యొకటి ఆమె మడమ పట్టుకుని లాగింది. దూది తుడుపుకర్ర మొన మీటకి ఆనించి, ఒంటి బరువంతా వేసి తోసింది. పదీ యాభై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు. మీట టక్కున పడింది.

పదకొండు.

మూడు లక్షల చిలకలు నోరు విప్పాయి. తలుపు గురించి పిల్లకి తల్లి మాటల్లో చెప్పమని వాటికి ఆజ్ఞ. దిద్దుబాటు ఆగిపోయింది కనక వాటి దగ్గర తియ్యటి మాటలు తయారుచేసే దారి లేదు. తల్లులు తలుపు గురించి నిజంగా ఏమన్నారో అదే మిగిలింది. గోడంతా ఒక్కసారి మొత్తుకుంది.

"తలుపు జోలికెళ్ళావో, వచ్చాక చెప్తా నీ పని."

"ఎవరు పిలిచినా తియ్యొద్దని చెప్పానా లేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"కాళ్ళు పీకేస్తున్నాయి, నన్ను చంపకు. ఆ గడియ ముట్టుకోకు నాయనా, నీకు దణ్ణం పెడతా."

బొంగురు గొంతులు, జలుబు గొంతులు, ఏడవబోయి ఆపుకున్న గొంతులు. బస్సు తప్పిపోతుందని హడలిపోతూ గుమ్మంలోంచి వేసిన కేకలు. ఒక్కదాంట్లోనూ తేనె లేదు. స్క్రీన్లలో పిల్లలు ఉలిక్కిపడ్డారు. కొందరు ఏడ్చారు. ఒకడు గడియ మీంచి చెయ్యి తీసి వీపు వెనక దాచుకున్నాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడే చతికిలపడ్డారు. అది తమ అమ్మేనని ఒక్కరికీ అనుమానం రాలేదు.

దుద్దులో పెద్దాయన గొంతు వినిపించింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదట. పిల్లలు రాకపోయేసరికి దిక్కుతోచక వీధుల్లో నిలబడిపోయిన వ్యాన్లని ఒక్కొక్కటే ఏరుకుంటున్నారట.

నెమలి తడిగచ్చు మీద అలాగే పడుకుని గోడ వంక చూస్తోంది. సిల్కు అంతా సబ్బునురగ. "ఇవన్నీ చెరిపింది నేనే," అంది నెమ్మదిగా. "రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని చెరిపాను. నన్నెవరూ ఇలా తిట్టలేదు చిన్నప్పుడు. హాస్టల్లో పెరిగాను." దూది ఆమె చేతులు తుడుపుగుడ్డతో కట్టింది. ముడి బిగించేటప్పుడు నొప్పి పుడుతోందా అని అడిగింది. ఎందుకడిగిందో తనకే తెలీదు.

మధ్యాహ్నం సెల్లార్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. అవి ఆగాక దూది చేతిపుస్తకం తీసి పెద్దాయన బల్ల మీద పెట్టి, పదకొండుమందిని కూర్చోబెట్టే పనిలేదని చెప్పింది. చిలక కొనడం, నలభై నిమిషాలు, మూడో అధ్యాయం, పొద్దున్న నోరు తెరిచి మూసుకోవడం, అన్నీ చెప్పింది. పెద్దాయన చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మూడు లక్షలమందిని కాపాడావు, ఒకణ్ణి చంపావు, ఈ రెంటినీ కూడి తీసివేసే లెక్క నా దగ్గర లేదమ్మా అన్నాడు. ఏడాది పాటు ఉద్యోగంలోంచి ఆపేస్తున్నట్టు కాగితం రాశాడు. దూది దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అతని భార్యకి ఎవరు చెబుతారని అడిగింది.

"నువ్వే."

ఇంజనీర్ ఇల్లు రెండు గదులది. భార్య బడిపంతులమ్మ. కుప్పగా ఉన్న పరీక్ష పేపర్ల పక్కన నిలబడే విన్నది. దూది సాకులు చెప్పలేదు. అలసిపోయాననీ చెప్పలేదు. నా వల్లే అని చెప్పి నేల చూస్తూ నిలబడింది.

ఆవిడ ఒక్కటే అడిగింది. "తలుపు తీసేటప్పుడు భయపడ్డాడా?"

"లేదండీ. వాళ్ళమ్మ వచ్చిందనుకున్నాడు."

ఆవిడ తలాడించింది. దూది గుమ్మం దాటాక తలుపు వేసింది. లోపల గడియ పడిన చప్పుడు దూది మెట్లన్నీ దిగేదాకా చెవుల్లోనే ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుజ్జి పై మెట్టు మీద కూర్చుని ఉంది. తల్లి ముఖం చూసి, తిడతావా అని అడిగింది. తిట్టను అంటే అనుమానంగా చూసింది. దూది పిల్లని చంకనేసుకుని పైకెక్కింది. ఆ పూట కథ చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆవులించింది, ఒకచోట కుందేలు పేరు మర్చిపోయి తాబేలు అంది. బుజ్జి సరిచేసి, చెప్పు చెప్పు అంది.

వారం తర్వాత అత్తగారు వడ్రంగిని పిలిపించింది. ఏడాది ఇంట్లోనే ఉంటున్నావు కదా, ఇప్పటికైనా ఆ మూడో మెట్టు వేయించు, కాళ్ళు విరుగుతాయి అంది. ఆ ఉదయమే పెద్దాయన కబురు పంపాడు. పాత కోడ్ రద్దయింది. కొత్తది ఏ యంత్రం విన్నా తప్పనుకుని దిద్దేసేలా ఉండాలని ఇలాఖా అంతా ఆలోచించి, బుజ్జి దిగే మెట్ల లెక్కనే ఖాయం చేశారు. సలహా అడగడానికే అన్నట్టు పంపినా, దూదికి చదవగానే నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

ఆమె వడ్రంగికి దారిఖర్చు ఇచ్చి పంపేసి, ఆ మెట్టు ముట్టుకోవాలంటే ఇక పెద్దాయన సంతకం కావాలి అత్తయ్యా అంది.

ముసలావిడ గోడ పట్టుకుని రెండో మెట్టు మీంచి నాలుగో మెట్టు మీదికి కాలు చాపింది. "బాగుచెయ్యకపోవడానికి కూడా సంతకం పెట్టే ఆఫీసా," అంది. "అందుకే నీకు అక్కడ అంత పని."